బడికి ఇచ్చే పాత ల్యాప్‌టాప్‌కి నెట్ వస్తుందో లేదో చూసి ఇవ్వండి

హైదరాబాద్ ఐటీ కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాల వారికి, పాత కంప్యూటర్లు సేకరించి బడులకు చేర్చే సంస్థల వారికి, చదువుకున్న బడికి ఏదో ఒకటి చెయ్యాలనుకునే పూర్వ విద్యార్థుల సంఘాల వారికి,

నమస్కారం.

నేను నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. 2025 నవంబర్‌లో మా బడికి 12 పాత ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. ఇచ్చింది ఒక కంపెనీ. పేరు రాయను. వాళ్లు మంచి మనసుతోనే ఇచ్చారు. పైగా మాకు ఎదురైన ఇబ్బందే వేరే దాతల దగ్గర తీసుకున్న పక్క మండలాల టీచర్లకూ ఎదురైంది. అందుకే ఈ ఉత్తరం ఏ ఒక్కరికో కాదు, మీ అందరికీ.

ల్యాప్‌టాప్ మా బడికి చేరాక దానికి నెట్ రప్పించడంలో మా చేతుల్లో ఉన్నది తక్కువ. అది మీరు ఆ మిషన్ కొన్న రోజున సగం, మాకు ఇచ్చిన రోజున మిగతా సగం తేలిపోతోంది. ఆ రెండు రోజుల్లోనూ వైఫై సంగతి ఒకసారి చూడమని అడగడానికే ఇది రాస్తున్నాను.

మా 12 మిషన్లలో కొన్ని 2010 నాటివి, ఎక్కువ 2013, 2014 నాటివి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 వెయ్యాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ అయినా ఉండాలి. ఇవి 4వ తరం దాటినవి కావు. కానీ మిషన్లు గట్టివి. కీబోర్డు ఒక్క మీట కూడా ఊడలేదు, తెరలు శుభ్రంగా ఉన్నాయి, 4 జీబీ ర్యామ్ ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలకు స్ప్రెడ్‌షీట్, కొంచెం పైథాన్ నేర్పడానికి ఇంతకంటే ఏం కావాలి? హార్డ్ డిస్కులు తీసేసి ఇచ్చారు కాబట్టి మా టీచర్లం, ఊళ్లో కొందరం తలా కొంత వేసుకుని చిన్న ఎస్ఎస్‌డీలు కొన్నాం. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామనుకున్నాం. ఇదేం కొత్త ప్రయోగం కాదు, కేరళలో సర్కారు బడులు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి. లినక్స్‌లో చాలా రకాలున్నాయి, నేను డెబియన్ ఎంచుకున్నాను. పాత మిషన్ల మీద తేలిగ్గా నడుస్తుందని, నాకు కాస్త అలవాటు ఉందని.

మా బడిలో బ్రాడ్‌బ్యాండ్ లేదు. హెడ్‌మాస్టర్ గారి గదిలో సిమ్ వేసే చిన్న వైఫై డబ్బా ఒకటి ఉంది, అంతే. దానికి లాన్ కేబుల్ పెట్టే పోర్టు లేదు. అంటే మాకు నెట్ అంటే వైఫై ఒక్కటే. డెబియన్ చిన్న ఇన్‌స్టాలర్ మిగతా సరుకంతా నెట్ నుంచే తెచ్చుకుంటుంది. ఈ రెండూ కలిసిన చోట మా కథ మొదలైంది.

ఒక శనివారం మధ్యాహ్నం ఏడుగురు పిల్లలతో కూర్చున్నాం. మొదటి ఐదు ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ వైఫై కార్డులు ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టాం, భాష అడిగింది, వైఫై పేరు చూపించింది, పాస్‌వర్డ్ కొట్టాం, పని జరిగిపోయింది. పిల్లలకు ఇందులో కష్టం ఏముందో అర్థం కాలేదు.

ఆరోదాని దగ్గర ఆగాం. తెర మీద ఒక పొడుగాటి ఫైలు పేరు, చివర డాట్ ఎఫ్‌డబ్ల్యూ. ఈ హార్డ్‌వేర్ పనిచెయ్యాలంటే ఈ ఫైలు కావాలి, నా దగ్గర లేదు అంది. ఏడోది అంతే. ఎనిమిదోది అంతే. తొమ్మిదోది అసలు వైఫై కార్డు ఉన్నట్టే చూపించలేదు.

మీలో ఈ పని చూడని వారి కోసం ఆ ఫైలు ఏమిటో చెప్పాలి. వైఫై కార్డు అంటే వేలెడంత ముక్క. కానీ అందులో దానికంటూ ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దాన్ని నడిపించే ప్రోగ్రాం చాలా కార్డుల్లో కార్డులో ఉండదు. ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్రోగ్రాంని కార్డులోకి ఎక్కించాలి. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. అది ఎక్కకపోతే, బోరుకి మోటారు బిగించి స్టార్టర్ పెట్టె మరిచిపోయినట్టే. మోటారు బాగానే ఉంటుంది, నీళ్లు రావు.

ఈ ఫైలు పంచిపెట్టడానికి చిప్ కంపెనీ అనుమతి ఇస్తే లినక్స్ చేసేవాళ్లు దాన్ని ఇన్‌స్టాలర్‌లోనే పెట్టేస్తారు. మా మొదటి ఐదూ అలా నడిచినవే. అనుమతి లేకపోతే పెట్టడానికి వీల్లేదు. అప్పుడు చేసేదేమంటే, ఒక చిన్న ప్యాకేజీ ఇస్తారు. అది నెట్‌లోకి వెళ్లి కంపెనీ పాత డ్రైవర్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కార్డుతో పనిచేయించుకునే ప్రోగ్రాంని) దించుకుని, అందులోంచి ఫర్మ్‌వేర్‌ని విడదీసి, ఉండాల్సిన చోట పెడుతుంది. అంటే నెట్ రావాలంటే ఈ ఫైలు కావాలి, ఈ ఫైలు కావాలంటే నెట్ ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెత మా హెడ్‌మాస్టర్ గారు అప్పుడే అన్నారు. దానికి మించి నేను చెప్పగలిగింది లేదు.

ఆ రోజు సాయంత్రం దాకా దారి దొరకలేదు. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. మా దగ్గర చదివి ఇప్పుడు డిప్లొమా చేస్తున్న ఒక అబ్బాయికి ఫోన్ చేశాను. "సార్, ల్యాప్‌టాప్‌కి మీ ఫోన్ కేబుల్ పెట్టండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. అది కేబుల్ నెట్ అనుకుంటది" అన్నాడు. పెట్టాను. ఏమీ రాలేదు. టెన్షన్ మొదలైంది. మళ్లీ ఫోన్ చేస్తే, "అది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయ్యుంటది సార్, ఫోన్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబుల్ పెట్టండి" అన్నాడు. ఇంట్లో వెతికి సోమవారం అది తెచ్చాను. పెట్టిన రెండు సెకన్లకు ఇన్‌స్టాలర్‌లో వైర్ నెట్‌వర్క్ కార్డు ఒకటి కనిపించింది. నిజానికి అది నా ఫోనే. ఫోన్ హెడ్‌మాస్టర్ గారి డబ్బా నుంచి వైఫై తీసుకుని కేబుల్ గుండా ల్యాప్‌టాప్‌కి ఇస్తోంది. దీనికి ఫర్మ్‌వేర్ అక్కర్లేదు, డ్రైవర్ వెతకక్కర్లేదు. పాత మిషన్ మీద లినక్స్ వేసే ప్రతి టీచరుకీ నేను ముందు చెప్పేది ఇదే.

అలా ఆరు, ఏడు, ఎనిమిది అయిపోయాయి. లినక్స్ వేసి, ఆ ప్యాకేజీ దించుకుని, ఒకసారి ఆపి ఆన్ చేస్తే వైఫై పేరు కనిపించింది.

తొమ్మిదోదాని రోగం వేరు. రెండు రోజులు దానితోనే సరిపోయింది. కమాండ్లు కొట్టాం, సెట్టింగులు మార్చాం. ఆఖరికి ఆర్‌ఎఫ్‌కిల్ అనే కమాండ్ ఇస్తే హార్డ్ బ్లాక్ ఉంది అని చూపించింది. సాఫ్ట్‌వేర్‌తో తీసేది కాదు, ఎక్కడో మీట ఉండాలి అని దాని అర్థం. నేను కీబోర్డు మీద వెతుకుతున్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ల్యాప్‌టాప్‌ని రెండు చేతులతో ఎత్తి, ముందు అంచు కింద చూసి, "సార్, ఇక్కడ ఒక చిన్న జరిపేది ఉంది, లోపల ఎర్రగా ఉంది" అంది. గోటితో పక్కకు జరిపింది. ఎరుపు పోయింది. వైఫై వచ్చేసింది. ఆ మిషన్ వాడిన ఉద్యోగి ఏనాడో విమానంలో ఆపి ఉంటారు, మళ్లీ ఆన్ చేసి ఉండరు.

పదోది ఇంకో రకం. దాని చిప్‌కి లినక్స్‌లో సొంత డ్రైవర్ లేదు. చిప్ కంపెనీ ఇచ్చిన మూసిన డ్రైవర్, అంటే లోపలి కోడ్ చూపించని డ్రైవర్ ఒకటుంది. అది లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ మారినప్పుడల్లా మళ్లీ కంపైల్ కావాలి, అంటే కొత్త కెర్నెల్‌కి సరిపోయేలా మళ్లీ తయారు కావాలి. ఒకసారి అయింది, వైఫై వచ్చింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. మూడు వారాలకు అప్‌డేట్ వచ్చింది, కంపైల్ ఫెయిలైంది, వైఫై పోయింది. ఇలా ప్రతిసారీ చేసుకోవడం టీచరు వల్ల అయ్యే పని కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్ల మార్కెట్ అయిన సీటీసీకి వెళ్లి పాత ఇంటెల్ కార్డు ఒకటి తెచ్చాను. వెనక మూత విప్పి, నల్ల వైరు, తెల్ల వైరు జాగ్రత్తగా పీకి, కొత్త కార్డు మీద నొక్కాను. ఆ కనెక్టర్లు బియ్యపు గింజంత ఉంటాయి, సరిగ్గా కూర్చుంటే చిన్న టిక్ శబ్దం వస్తుంది. ఆన్ చేస్తే నల్ల తెర మీద ఒకటే వాక్యం. అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు పెట్టారు, తీసెయ్యండి అని. ఆపరేటింగ్ సిస్టమ్ దాకా పోనే లేదు. ఆ ల్యాప్‌టాప్ కంపెనీ ఫలానా కార్డులనే ఒప్పుకోవాలని బయాస్‌లో (ఆన్ చెయ్యగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాంలో) జాబితా రాసి పెట్టిందన్నమాట. డబ్బులు పెట్టి కొన్న మిషన్‌లో ఏ కార్డు ఉండాలో కొన్నవాళ్లు కాక అమ్మినవాళ్లు నిర్ణయించడం అన్యాయం. చివరికి ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ డాంగిల్, అంటే బయటి నుంచి గుచ్చే చిన్న వైఫై ముక్క ఒకటి పెట్టాం. దాని ఫర్మ్‌వేర్‌ని 2013లో సోర్స్‌తో (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌తో) సహా బయటపెట్టారు. పెట్టగానే నడిచింది, ఇప్పటిదాకా ఆగలేదు.

మిగిలిన రెండు ల్యాప్‌టాప్‌లకి బయాస్ పాస్‌వర్డ్ ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కానివ్వవు. వాటి గురించి చివర్లో చెప్తాను.

ఇప్పుడు కొన్న రోజు సంగతి.

మీ కంపెనీలు ల్యాప్‌టాప్‌లు ఒకటి రెండు కొనవు. వందలు, వేలు కొంటాయి. వాటిని మూడేళ్లో నాలుగేళ్లో వాడతారు. ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్లు, పదేళ్లు మా లాంటి వాళ్ల దగ్గర బతుకుతాయి. లోపల ఏ వైఫై చిప్ ఉందన్నది కొనేటప్పుడు మీకు చిన్న సంగతి, మాకు అదే పెద్ద సంగతి. ఆర్డర్ కాగితంలో ఒక్క లైను చేర్చండి: నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లోనే ఉండాలి, దాని ఫర్మ్‌వేర్‌ని ఎవరైనా పంచుకునే అనుమతి ఉండాలి, కార్డు మారిస్తే బయాస్ అడ్డుపడకూడదు. అమ్మేవాళ్లు మా మాట వినరు. వేల మిషన్లు కొనే మీ మాట వింటారు.

ఇది జరిగే పనేనా అని మీకు అనిపించవచ్చు. జరిగిన సందర్భాలు ఉన్నాయి. 2008లో అథెరాస్ కంపెనీ తన చిప్‌ల కోసం ఏటీహెచ్9కే అనే డ్రైవర్‌ని తానే బహిరంగంగా ఇచ్చింది. దాంతో నడిచే పీసీఐ కార్డులకు అసలు ఫర్మ్‌వేర్ ఫైలే అక్కర్లేదు. ఆ నాటి కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌ని ఇవాళ ముందు పెట్టినా, పెన్‌డ్రైవ్ పెట్టిన వెంటనే వైఫై వస్తుంది. అదే రోజుల్లో ఇంకో చిప్ కుటుంబానికి ఏ సమాచారమూ దొరక్క వాలంటీర్లు ఎంత కష్టపడ్డారో చూడండి. ఒక జట్టు మూసిన డ్రైవర్‌ని విప్పి చూసి అది ఏం చేస్తోందో మామూలు భాషలో రాసింది. ఆ డ్రైవర్‌ని కంటితో చూడని ఇంకో జట్టు, ఆ రాత చదివి మాత్రమే కొత్త డ్రైవర్ రాసింది. కాపీ కొట్టారన్న మాట రాకుండా అంత జాగ్రత్త. అలా పుట్టిన బీ43 డ్రైవర్ 2008 జనవరిలో లినక్స్ 2.6.24తో బయటికి వచ్చింది. ఇంత చేసినా ఫర్మ్‌వేర్ పంచే అనుమతి మాత్రం వాళ్ల చేతిలో లేదు. ఒక సంతకంతో పోయేదానికి ఎంతమంది ఏళ్ల శ్రమ!

డెబియన్ వాళ్లూ తమ వైపు నుంచి చెయ్యగలిగింది చేశారు. సోర్స్ లేని ఫర్మ్‌వేర్‌ని తమ వ్యవస్థలో కలపకూడదన్న పట్టుదలతో 2011లో డెబియన్ 6 నాటికి దాన్ని కెర్నెల్ నుంచి వేరు చేశారు. అది మంచి పట్టుదలే. కానీ కొత్తగా వేసేవాళ్లు మొదటి అడుగులోనే ఆగిపోతున్నారని చూసి, 2022లో ఓటు పెట్టుకుని, ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ ఇవ్వాలని తేల్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అలాగే ఇస్తున్నారు. మా మొదటి ఐదు ల్యాప్‌టాప్‌లు అంత సాఫీగా నడిచాయంటే ఆ ఓటు వల్లే. కంపెనీ అనుమతి ఇవ్వని ఫైలుని మాత్రం వాళ్లూ ఇవ్వలేరు. అక్కడి నుంచి పని మీ లాంటి కొనేవాళ్లదే.

ఇక మాకు ఇచ్చే రోజు. మీ దగ్గర ఐటీ సపోర్ట్ వాళ్లు ఉంటారు. ఒక్కో మిషన్‌కి పావుగంట చాలు. ఏదైనా లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ (మిషన్‌లో ఏమీ వెయ్యకుండానే నేరుగా నడిచేది) పెట్టి ఆన్ చెయ్యమనండి. వైఫై పేర్లు కనిపిస్తే మంచిది. కనిపించకపోతే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ని ఎన్ఎన్ ఆప్షన్‌తో ఇస్తే చిప్ నంబరు వస్తుంది, నాలుగు అక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగు అక్షరాలు. మొదటి నాలుగూ కంపెనీవి. ఇంటెల్ అయితే 8086 అని ఉంటుంది, వాళ్ల పాత ప్రాసెసర్ నంబరే పెట్టుకున్నారు. ఆ నంబరుని చిన్న స్టిక్కర్ మీద రాసి ల్యాప్‌టాప్ కింద అంటించండి. ఆ ఒక్క స్టిక్కర్ ఉంటే మా లాంటి వాళ్లకు రోజులు కలిసొస్తాయి. నెట్ లేకుండా ఏ చిప్ ఉందో కనుక్కోవడమే మాకు సగం పని. ఆ చిప్‌కి నెట్ నుంచి ఫర్మ్‌వేర్ దించుకోవాల్సి ఉంటే, మీ దగ్గర నెట్ ఉంది, మీరే దించి లినక్స్ వేసి పంపండి. చెయ్యడానికి మనుషులు లేరంటే హైదరాబాద్‌లో లినక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ లాంటి సంస్థ ఉంది, ఇంజినీరింగ్ కాలేజీల్లో లినక్స్ మీద ఇష్టం ఉన్న పిల్లలు ఉన్నారు. పిలిస్తే వస్తారు. దారికి రాని చిప్ ఉన్న మిషన్‌తో పాటు మంచి చిప్ ఉన్న యూఎస్‌బీ డాంగిల్ ఒకటి పెట్టండి. మాకు పంపే లారీ కిరాయి ముందు ఆ ఖర్చు ఎంత?

డాంగిల్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చవకవాటిలో కొన్ని, పెట్టగానే వైఫై కార్డులా కాక సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. లోపల విండోస్ డ్రైవర్ ఫైళ్లు ఉంటాయి. లినక్స్‌లో వాటిని వైఫైగా మార్చడానికి ఇంకో ప్యాకేజీ కావాలి, అది మళ్లీ నెట్ నుంచే రావాలి. చిప్ నంబరు చూసుకుని కొనండి.

హార్డ్ డిస్కులు తీసెయ్యడం వెనక మీ భయం నాకు అర్థమవుతుంది. కస్టమర్ల సమాచారం బయటికి పోకూడదు. కానీ పూర్తిగా చెరిపేసే పద్ధతులు ఉన్నాయి, అవి మీ వాళ్లకు నాకంటే బాగా తెలుసు. చెరిపేసి డిస్కుతో ఇచ్చి ఉంటే, మా ఊరి వాళ్లు వేసుకున్న చందా డబ్బుతో డాంగిల్సూ లాన్ పోర్టు ఉన్న రౌటరూ వచ్చేవి.

ఇంత పట్టుబట్టి ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పాలి. నెట్ లేని ల్యాప్‌టాప్‌తో టైపింగ్ నేర్పవచ్చు, లెక్కలు చేయించవచ్చు, నిజమే. కానీ లినక్స్‌లో ఏ కొత్త వస్తువు కావాలన్నా నెట్ నుంచే. ఆరోదాని మీద వైఫై వచ్చిన రోజు నేను మొదట దించింది తెలుగు ఫాంట్లు. డెబియన్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు ఉన్నాయి, అందులో రెండు ఫాంట్ల పేర్లు పోతన, వేమన. ఆ పేర్లు చూసి పిల్లలు వింతపోయారు. ఒక అబ్బాయి వాళ్ల నాన్న పేరు పోతన ఫాంట్‌లో కొట్టి, సైజు 72 పెట్టి, తెర నిండా చూసుకున్నాడు. ప్రింట్ తియ్యమన్నాడు. ప్రింటర్ లేదు. ఫోన్‌లో ఫోటో తీసి పంపాను. ఇప్పుడు ఆ పది మిషన్ల మీద రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా పిల్లలు ఉంటున్నారు. పదో తరగతి వాళ్లు పాత ప్రశ్నపత్రాలు దించుకుంటున్నారు. నేను లోలకం ప్రయోగం లెక్కలు స్ప్రెడ్‌షీట్‌లో వేయిస్తున్నాను, గ్రాఫ్ గీయిస్తున్నాను.

కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల సగటులో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. మీ నివేదికల్లో ఫలానా జిల్లాకి ఇన్ని ల్యాప్‌టాప్‌లు అని ఉంటుంది. పక్కనే ఇంకో గడి పెట్టండి: ఇచ్చిన నెల తర్వాత ఎన్నింటికి నెట్ వస్తోంది అని. బడికి ఒక ఫోన్ చేసి అడిగితే చెప్తారు.

చివరిగా, బయాస్ పాస్‌వర్డ్ ఉన్న ఆ రెండు ల్యాప్‌టాప్‌ల సంగతి. హెడ్‌మాస్టర్ గారి గదిలో బీరువా కింద అరలో, వచ్చిన అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఇచ్చిన కంపెనీకి రెండు సార్లు మెయిల్ రాశాను, జవాబు రాలేదు. మాకు పంపిన వారు ఈ ఉత్తరం చదివితే, మీ పాత రికార్డుల్లో ఆ పాస్‌వర్డ్ ఉంటే బడి మెయిల్‌కి పంపండి. మిషన్ల కింద ఉన్న సీరియల్ నంబర్లు ఆ రెండు మెయిల్స్‌లోనూ రాశాను. ఎస్ఎస్‌డీలు రెండు విడిగా తీసి పెట్టాం. పాస్‌వర్డ్ వచ్చిన రోజే లినక్స్ వేస్తాం.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు,
నల్గొండ జిల్లా